రెండు ముక్కల లెక్క

ఎల్బీనగర్, సెప్టెంబరు 2011

యెహెజ్కేలు గారికి నమస్కారం.

తెలంగాణ సమ్మెతో బస్సుల్లేవు. మీరు ఫోను ఎత్తడం లేదు. అందుకే షేర్ ఆటో నడిపే అంతయ్య గారి చేత ఈ చీటీ. నేను ఫిజిక్స్ చెప్పే మన కోచింగ్ సెంటర్ ల్యాబు కంప్యూటర్లో నా పరిశోధన లెక్క నడుస్తోంది కదా, ల్యాబు చూసుకునేది మీరే, దయచేసి ఆపకండి. బోలెడు ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి పట్టుకొని ఉంటాయి. వాటిని విడివిడిగా చూస్తే లెక్క తప్పుతుంది. శుక్రవారంలోగా ఫలితం పంపకపోతే నా ఫెలోషిప్ పోతుంది.

మీ మీదే భారం వేసిన,
బిందుమాధవి

తా.క.: ముడిపడ్డవాటిని విడదీయడం అంత తేలిక కాదండీ.

దిల్‌సుఖ్‌నగర్

మేడంకు,

చీటీ చదివిన. ఎలక్ట్రాన్ల పేరు జెప్పి కలిసే ఉండాలంటరా? మేం కొలువులడిగితే లెక్క తప్పుతదా? ఇంటర్ ఆపేసి, గీ ల్యాబుల దుమ్ము తుడుసుకుంటనే కంప్యూటర్ నేర్చుకున్నోణ్ని. గీమాత్రం తెలుస్తది. బస్సులే బందైనయి, మీ ఎలక్ట్రాన్లు ఏమన్న చుట్టాలా? మెయిన్ స్విచ్ ఆపిన.

ఇట్లు, కోపంతోనే,
యెహెజ్కేలు

తా.క.: మీరు మర్చిపోయిన టిఫిన్ బాక్స్ పంపుతున్న. గోంగూర మంచిగుండె.

ఎల్బీనగర్

యెహెజ్కేలు గారికి,

ఆపేశారా. చీటీలో సగమే రాశాను, అది నా పొరపాటు. అన్ని ఎలక్ట్రాన్లనీ ఒకేసారి లెక్కగట్టే కంప్యూటర్ ఎక్కడా లేదు. అందుకని ఆ ఎలక్ట్రాన్ల గొలుసుని రెండు ముక్కలు చేస్తాం. మధ్యలో ముఖ్యమైన బంధాలు ఉంచుకొని మిగతావి వదిలేస్తాం. ఎన్ని వదిలినా లెక్క తప్పదో తేల్చడమే నా పని. మీరు ఆపింది విడదీసే లెక్కండీ.

ఇంకేం రాయాలో తెలియని,
బిందుమాధవి

తా.క.: బాక్సు ఖాళీగా వచ్చిందని మా అమ్మ కోటేశ్వరమ్మ మురిసిపోయింది. మళ్ళీ నింపి పంపింది.

దిల్‌సుఖ్‌నగర్

మేడంకు,

మీరు చూపిచ్చినట్టే లెక్క మొదటికెంచి పెట్టిన. సమ్మెవాళ్లు షట్టర్ లేపి, "బంద్ నాడు గిదేంది తమ్మీ?" అన్నరు. "రెండు ముక్కలు జేసే లెక్క అన్నా" అన్న. "అయితే నడువనియ్యి" అని బయట కుర్చీలేసుకొని కావలి కూసున్నరు. నేనాపిన లెక్కకు వాళ్లు కాపలా.

శుక్రవారం పోయింది. ఆదివారం చర్చికి పోకుండ ల్యాబులనే ఉన్న. అప్పుడైంది. చానా బంధాలు వదిలినా లెక్క తప్పలే. అంతయ్య జెప్పిండు, ఫెలోషిప్ పోయిందని మీరు ఇక్కడ మానేసి బడంగ్‌పేట్‌ల స్కూలు టీచరుగ చేరిన్రంట. ఒక్కమాట అడిగి స్విచ్ మీద చెయ్యేస్తే సరిపోతుండె. అడగలే. ఫలితం కాయితాలు దీంతోనే పంపుతున్న.

తలెత్తి మాట్లాడలేక,
యెహెజ్కేలు

తా.క.: బాక్స్ ఈసారి కడిగి పెట్టిన. పంపబుద్ధి అయితలేదు. అది గూడ పంపితే మీకిటు రావల్సిన పనేముంటది?