సారవ్వకు మోటారు కావలెను

నల్లవాగు గని మేనేజరు దొరవారి సముఖమునకు,
గోదావరిఖని దాపు, ది. 9-12-1972.

అయ్యా,

విషయం: బూడిదలో కాలిన నా బిడ్డ సారవ్వను వరంగల్ పెద్ద దవాఖానకు చేర్చుటకు కంపెనీ మోటారు ఇప్పించుట గురించి.

తమ గనిలో టబ్బులకు బొగ్గు నింపే ఫిల్లరు గట్టయ్య సవినయంగా చేసుకొను మనవి. నాకు చదువు రాదు. నేను చెప్పుచుండగా బడిపంతులు వామనరావు సారు రాయుచున్నారు.

1. గత సోమవారం సదరు సారు ఐదవ తరగతి పిల్లలను, కాలనీ చెత్త ఎక్కడికి పోవును, దానిని ఏమి చేయుదురు అను పాఠము కండ్లార చూపుటకై తోలుకొని పోయినారు. చెత్త ఎడ్లబండి వెంబడి నడిపించి, పెంట ఎరువయ్యే గుంతలు చూపించినారు. పిల్లలు ముక్కులు మూసుకొని నవ్వినారట. అటుపిమ్మట బాయిలర్ల బూడిద పోసే దిబ్బ వద్దకు పోయినారు.

2. సదరు దిబ్బ పైకి తెల్లగా చల్లారినట్టు కనపడును, లోపల నిప్పు ఉండును. అందులో సగం కాలిన బొగ్గు దొరుకును. మా వాడ ఆడవాళ్లు దిబ్బ అంచున దానినే ఏరి పొయ్యిలో పెట్టుదురు. పనికిరానిదంటూ ఏదీ లేదని, వెతికితే చెత్తలో కూడా అక్కరకొచ్చేది ఉంటుందని సారు చెప్పినంతనే, నా బిడ్డ తల్లికి బొగ్గు తెద్దామని దిబ్బ మీదికి ఉరికినది. ఎడమ కాలు మోకాలి దాకా దిగబడినది. ఇది రాయునప్పుడు సారు కలము ఆపి కండ్లు తుడుచుకొన్నారు. ఆయన మీద నాకు కోపము లేదు. ఉండె, ఇప్పుడు లేదు.

3. కాలనీ దవాఖాన డాక్టరుగారు చీము పైకి ఎక్కుచున్నదనియు, రేపు పొద్దుగూకే లోపల వరంగల్ చేరనిచో కాలు దక్కదనియు, ఇంకా ఆలస్యమైనచో పిల్లే దక్కదనియు చెప్పినారు. మోటారు కార్మికుల పిల్లలకు మాత్రమే. అందుకు తమ దస్తఖతు కావలెను.

4. తండ్రి పేరేమని కాంపౌండరు అడుగగా నా బిడ్డ మొగిలి అని చెప్పినది. గట్టయ్య బిడ్డ కానప్పుడు మోటారు ఎట్లా వచ్చునని వారు ఆపివేసినారు. ఈ కింది మాట రాయవద్దని, నౌకరి పోవునని సారు బతిమాలుచున్నారు. రాయమని నేనే చెప్పుచున్నాను.

మొగిలిని నేనే. గట్టయ్య నా భార్యకు అన్న. ఈ నౌకరి అతనికి వచ్చినది. మొదటిసారి బొగ్గు బాయి దిగి, గని లోపలి చీకటికి జడిసి, ఊరికి పోయి నాగలి పట్టినాడు. అతని పేరు మీద నేను దిగినాను. అప్పటి నుండి బాయిలో గట్టయ్యను, ఇంట్లో మొగిలిని. ఇట్లాంటి వాళ్లము మా షిఫ్టులో ఇంకా ఉన్నాము. వాళ్ల పేర్లు చెప్పను. నింపిన బొగ్గు మాత్రము నా చేతులతో నింపినదే.

5. కావున నన్ను తీసివేయుదురో, కేసు పెట్టుదురో తమ చిత్తము. క్వార్టరు ఖాళీ చేసెదను. కాని ముందు మోటారుకు దస్తఖతు చేయండి, తరువాత నన్ను తీసివేయండి. ఈ వరుస మాత్రము తప్పవద్దు దొరా. మోటారు వరంగల్ చేరేదాకా నన్ను గట్టయ్యగానే ఉండనివ్వండి. మీ కాళ్లు మొక్కుతాను.

తమరు దయతో చిత్తగించవలెను, జల్దిగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
గట్టయ్య అనబడు మొగిలి
(ఎడమ బొటనవేలి ముద్ర)

మరియొక మనవి: వేలిముద్ర వేసిన పిదప దవాఖానకు పోయి వచ్చి ఇది రాయించుచున్నాను. నా నౌకరి పోవునన్న సంగతి ఎవరో బిడ్డ చెవిన వేసినారు. నేను మంచము పక్కన కూర్చుండగా కాంపౌండరు వచ్చినాడు. బిడ్డ జ్వరములోనే కండ్లు తెరిచి, అతనికి వినపడేటట్టు, "గట్టయ్య మామా, మా బాపు ఊర్లె ఉన్నడు. నువ్వు డ్యూటీకి పో" అన్నది. అతను పోయినంక ఎంత బతిమాలినా నన్ను బాపూ అని పిలువలేదు.