అమ్మ సర్దుకున్న సంచి

తమ్ముడూ,

గేటు తీసే ముందే ఇది చదువు. పాత సామాన్ల లారీ వస్తుంది, దాన్ని వెనక్కి పంపెయ్. లారీ అతనికి ఫోన్ చేస్తూనే ఉన్నాను, ఎత్తడం లేదు. ఆస్పత్రిలో ఇవాళ్టి డ్యూటీకి నా బదులు ఎవరూ దొరకలేదు, వెళ్ళక తప్పదు.

అమ్మ ఏదీ పారెయ్యనివ్వక దాచిన పాత పేపర్ల దొంతర తన కాలి మీదే పడ్డాక ఇల్లు ఖాళీ చేయించాలని మనమే అనుకున్నాం. కానీ నేను రోజూ టిఫిన్ బ్యాగులో దాచి ఒక్కో వస్తువూ బయట పారేస్తున్నట్టు అమ్మకి మొదటినుంచీ తెలుసట. లారీ సంగతీ వినేసింది. ఈ పొద్దున తనే ఒక సంచి నింపి గుమ్మం దగ్గర పెట్టింది. మనసు మారిందని సంబరపడి విప్పాను. లోపల అమ్మ బట్టలు, మందులు, కళ్ళజోడు.

"ఇంట్లో అన్నిటికంటే పాత సామాను నేనే కదే. ముందు నన్నెక్కించండి" అంది. కోపంగా కూడా అనలేదు.

మంచం నుంచి బాత్రూముకి దారి మాత్రం చెయ్యి. ఏది తీసినా అమ్మనడిగి తియ్యి. విరిగిన గొడుగుల జోలికి పోకు, గొడవవుతుంది. పొయ్యి గట్టు మీద చోటు లేక, వండిన అన్నం, కూర బీరువా మీద పెట్టాను.

ఆఫీసు క్యాంపు నుంచి వచ్చినప్పుడల్లా "ఇది ఇల్లా, గోడౌనా?" అంటావు. ఇవాళ ఒక్కరోజు అనకు.

అక్క

వెనక తలుపు నుంచి రాకు. అమ్మ ఆ సంచి ఒళ్ళో పెట్టుకుని ముందు గుమ్మంలోనే కూర్చుంది. లారీ రాదని చెప్పినా నమ్మలేదు, ఎన్నింటికొస్తుందని అడుగుతోంది. లారీ కంటే ముందు నువ్వు కనపడాలి.