మాటలు కనబడే సినిమాలు

పర్వత్ పాటియా, సూరత్
ఆదివారం మధ్యాహ్నం

కరుణ బాపుకు,

నేను ఉత్తరం రాశానంటే నీకు నవ్వొస్తుందేమో. పెళ్ళయిన కొత్తలో నువ్వు సూరత్‌లో, నేను సిరిసిల్లలో ఉన్నప్పుడు రాసుకున్నవే మనకు ఆఖరు. ఇప్పుడు ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. మెసేజ్ పెడితే బొటనవేలు గుర్తు పంపి ఊరుకుంటావు. నువ్వున్న జోల్వా ఏమంత దూరం? పొద్దున బస్సెక్కితే అన్నం వేళకు ఇంట్లో ఉండొచ్చు. అయినా హోలీకి ముందు పోయినవాడివి, వానలు మొదలైనా రాలేదు. మన గల్లీ వినోద్ నీ కార్ఖానాలోనే పనిచేస్తున్నాడని తెలిసి అతని చేతికి ఇస్తున్నాను.

నువ్వు పోయే రోజు అడిగాను కదా, "ఏందయ్యా, నవ్వులాటకు అన్న మాటకే అలిగి పోతవా?" అని. "అలుగుడు ఏం లేదు. ఆడ కొత్త సాంచెలు వెట్టిండ్రు, రూము గూడ ఇస్తుండ్రు" అన్నావు. నేను నమ్మలేదు. ఆ వీడియోతో నీ మనసు విరిగిందని తెలుస్తూనే ఉంది. కానీ ఇన్నేళ్ళు మరమగ్గాల షెడ్డులో సాంచెలు నడుపుతూ అందరితో హాస్యాలాడిన మనిషికి ఆ ఒక్క మాట ఎందుకంత గుచ్చుకుందో అంతుబట్టలేదు. పోతే పోనీ, కోపం తగ్గాక తనే వస్తాడులే అనుకున్నాను.

మన ఆదివారాలు గుర్తొస్తున్నాయి. తిన్నాక ఒక పాత సినిమా, ఒక కొత్త సినిమా చూసి, మన బిడ్డ కరుణ ఫోనును బియ్యం డబ్బాకు ఆనించి పెడితే మంచం మీద ఇద్దరం కూర్చుని వాటి గురించి మాట్లాడేవాళ్ళం. ఆ వీడియోను తనే నెట్‌లో పెట్టేది. నువ్వు పాతవాటి పక్షం, నేను కొత్తవాటి పక్షం. సిరిసిల్ల వాళ్ళు, భీవండి వాళ్ళు, ఇక్కడి మనవాళ్ళు సినిమా సంగతి కన్నా మన కొట్లాట కోసమే చూసేవాళ్ళు. ఒకసారి నువ్వన్నావు, "పాత సినిమాలల్ల మనిషి ఎదురుంగ నిలవడి మాట్లాడుతడు. గిప్పుడు అందరు వీపు చూపెట్టుకుంట మాట్లాడుతరు. గసొంటోళ్ల మాట నాకెందుకు?" ఈ కాలపు మనుషుల గురించి అన్న ఎంత లోతుగా చెప్పాడో అని ఎంతమంది రాశారు! నేనూ పొంగిపోయాను.

తర్వాత ఆ తల్లీకొడుకుల సినిమా వచ్చింది. ఆఖర్న బస్సు దగ్గర తల్లి కొడుకు చెంప నిమిరి, ఇంక నా గడప తొక్కొద్దు అని చెప్పి పంపేస్తుంది. నువ్వు వీడియోలో, "తల్లి కొడుకును మాఫ్ చేసింది, ఇంటికి రమ్మన్నది, తల్లంటె గట్లుండాలె" అన్నావు. నేను కడుపు పట్టుకుని నవ్వి, "చెవులు యాడ వెట్టినవయ్యా? సాంచెల మీద మర్చి వచ్చినవా?" అన్నాను. కరుణ ఆ ముక్కనొక్కటే కత్తిరించి వేరేగా పెట్టింది. "మమ్మీ, దేఖో, ఎంతమంది చూస్తుండ్రో! సబ్ హస్ రహే హై" అని, అందరూ నవ్వుతున్నారని గంతులేసింది. కూరగాయల బండి దగ్గర కూడా అదే మాట: "ఒదినె, అన్నకు చెవులు దొర్కినయా?" నేనూ వాళ్ళతో కలిసి నవ్వుకుంటూ ఇంటికొచ్చేదాన్ని.

మొన్న ఇంట్లో ఎవరూ లేనప్పుడు మన వీడియోలు పెట్టుకున్నాను. గోడ అవతల సారక్కకు ఆ మాట మళ్ళీ వినబడితే సిగ్గని సౌండు పూర్తిగా తీసేశాను. సౌండు లేకపోయేసరికి మనిద్దరి ముఖాలే మిగిలాయి. నువ్వు ఫోను వైపు చూడటం లేదు. ఏ వీడియోలోనూ చూడలేదు. నా నోటినే చూస్తున్నావు. నేను నవ్వడం మొదలుపెట్టాకే నువ్వు నవ్వుతున్నావు. నేను తల తిప్పి కరుణతో ఏదో అంటే, మళ్ళీ నీ వైపు తిరిగేదాకా ఆగి అప్పుడు జవాబిస్తున్నావు. 'అన్న ఒదిననే చూస్తుండు, ఎంత ప్రేమో' అని ఎవరో రాస్తే మురిసిపోయిన దాన్ని నేను.

నీకు వినబడటం లేదు కదా?

ఎన్నిసార్లు పొయ్యి వైపు తిరిగి మాట్లాడి, నువ్వు పలక్కపోతే ఈ మనిషికి నా మాటంటే లెక్కే లేదని గొణుక్కున్నానో! పక్కనే పడుకునే మనిషి సంగతి నాకు తెలియలేదు. తెలియకపోగా, ఊరంతా చూస్తుండగా దానిమీదే నవ్వాను. నువ్వెందుకు పోయావో ఇప్పుడు తెలిసింది. వీడియోలన్నీ తీసేయమని కరుణకు చెబుతాను. ఇక ఆ ముచ్చటే వద్దు. ఇంటికి రా.

నీ పద్మారాణి

*

జోల్వా
బుధవారం

పద్మా,

వినోద్ ఇచ్చాడు. కార్ఖానా వెనక చాయ్ బండి దగ్గర కూర్చుని చదివాను. నువ్వు కనిపెట్టింది నిజమే.

ఇది ఒక్కరోజులో వచ్చింది కాదు. ముందు కుక్కరు కూత పోయింది. తర్వాత పక్క గదిలోంచి కరుణ పిలిస్తే వినబడటం మానేసింది. షెడ్డులో ఇబ్బంది లేదు. ఆ మోతలో ఎవరికీ ఏదీ వినబడదు, అందరమూ పెదాలు చూసే మాట్లాడుకుంటాం. కష్టమంతా ఇంట్లోనే. నీకు చెబితే దవాఖానకు తీసుకుపోతావు, ఆ మాట బయటికి పొక్కుతుంది, సాంచెల మీద నిలబడనివ్వరని భయపడ్డాను. పాత సినిమాలు చిన్నప్పుడు విన్నవే కాబట్టి మాటలన్నీ నోటికొచ్చు. కొత్తవాటిలో మనుషులు నిజంగానే అటు తిరిగి మాట్లాడుతున్నారు. నేను చెప్పిన దాంట్లో లోతేమీ లేదు.

అయితే ఒక్క విషయం నువ్వు తప్పుగా అనుకున్నావు. నేను అలిగి రాలేదు. ఇది నీకు చెప్పకూడదనుకున్నాను. కానీ వినోద్‌తో నీకు మాటలు కలిశాయి. నా పని గురించి అడగకుండా ఉండవు, అతను దాచలేడు. అందుకే నేనే రాస్తున్నాను.

మన షెడ్డు మాస్టరు కూడా ఆ వీడియో చూశాడు. ఒకరోజు భోజనాల వేళ సాంచెలు ఆగి ఉన్నప్పుడు నేను నల్లా దగ్గర చేయి కడుక్కుంటుంటే, వెనక నిలబడి నా పేరు పెట్టి పిలిచాడట. అందరూ తలెత్తి చూశారట. నేను చూడలేదు. మళ్ళీ పిలిచాడట. అప్పుడు ఎదురుగా వచ్చి, "భాయ్, తుమ్‌కో సునాయీ నహీ దేతా. కల్ కుచ్ హో గయా తో జవాబ్ కౌన్ దేగా?" అన్నాడు. నాకు వినబడటం లేదని, రేపేదైనా జరిగితే జవాబెవరు చెబుతారని. కోపంగా అనలేదు, బాధగానే అన్నాడు. మరుసటి రోజు నా సాంచెల మీద వేరే మనిషి ఉన్నాడు.

ఇక్కడ నాకు సాంచెలు లేవు. బట్ట తాకాల చుట్టలు భుజాన మోసి టెంపోకు ఎక్కిస్తాను. కొత్త సాంచెలన్నది అబద్ధం. నిజం చెబితే ఆ మాట అన్నందుకు నువ్వు బతికినన్నాళ్ళూ కుమిలిపోతావు. అంతకంటే నేను అలిగానని నువ్వు నన్ను తిట్టుకోవడమే నయమనిపించింది.

వీడియోలు మాత్రం తీసేయకు. రూములో అందరూ డ్యూటీకి పోయాక అవే పెట్టుకుంటాను. వాటిలో నువ్వు ఎదురుగా ఉంటావు. ఒక్క మాట కూడా పోదు. ఇంట్లో నువ్వు రొట్టెలు చేస్తూ, బట్టలు ఆరేస్తూ చెప్పినవి సగం నాకు చేరనేలేదు. ఏం పోయాయో కూడా నాకు తెలియదు. వీటిని ఆపి ఆపి చూస్తే తెలిసింది, చాలా కొత్త సినిమాల విషయంలో నువ్వే కరెక్టు. ఆ చేపలు పట్టేవాళ్ళ సినిమాను నేను ఊరికే తిట్టాను.

నన్ను మాత్రం మళ్ళీ ఆ మంచం మీద కూర్చోమనకు. ఇంటికొచ్చి పగలంతా ఏం చేయను? అక్కడ అందరి నోళ్ళూ కదులుతుంటే నా గురించే అనుకుంటాను. కొన్నాళ్ళు ఇక్కడే ఉండనీ.

నీ పరుశురాం

*

పర్వత్ పాటియా
శుక్రవారం

కరుణ బాపుకు,

నీ ఉత్తరం చదివాక రెండు పూటలు పొయ్యి వెలిగించలేదు. కరుణ చదివి తలుపేసుకుని ఏడ్చింది. ఆ కత్తిరించిన ముక్కను తనే తీసేసింది. మిగతావి నువ్వన్నట్టే ఉంచాము. కానీ తీసేసినంత మాత్రాన చూసినవాళ్ళు మరిచిపోరు కదా.

నిన్న మాస్టరు దగ్గరికి పోయాను. "భాభీ, సాంచె ఇయ్యలేను. మడతల బల్ల కాడ పని ఉన్నది, చేస్తనంటె రేపే రమ్మను" అని హిందీలో చెప్పాడు. నువ్వు నేసిన చోటే, వేరేవాళ్ళు నేసిన బట్ట మడత పెట్టమని నేనెట్లా అడగను? సంగతి చెప్పాను, అంతే. నీ ఇష్టం. చెవి మిషను పెడితే కొంత వినబడుతుందేమోనని పెద్దదవాఖానలో చీటీ రాయించాను. కొంతేనని వాళ్ళు ముందే చెప్పారు. నా నోటితో పోయిన నీ సాంచెలను నేను తిరిగి తేలేను. ఈ మాట రాయడానికే ఇంతసేపు పట్టింది.

నువ్వు రానంటే రావద్దు. ఆదివారం నేనే జోల్వా వస్తున్నాను. రూములో వాళ్ళకు కూడా కూర తెస్తాను. మనమిద్దరమూ చూడని కొత్త సినిమా ఒకటి ఫోనులో వేయించుకున్నాను. ఈసారి మనల్ని ఎవరూ చూడరు. ఫోను నీ ముందు పెట్టి, దాని వెనక నీకు ఎదురుగా కూర్చుంటాను. బొమ్మ నువ్వు చూడు. మాటలు నేను విని నీకు చెబుతాను. నేను తొందర తొందరగా మాట్లాడేదాన్నని నీకు తెలుసు. అందలేదంటే చెయ్యి ఎత్తు. సినిమా ఆపి, మళ్ళీ చెబుతాను.

నీ పద్మారాణి