కాలరు పాఠం

శిక్షణ కేంద్రం ఆఫీసరమ్మగారికి,

కుట్టు క్లాసులో మూడో బెంచీ మీద కూర్చునే నేను నమస్కరించి రాసుకునేది. నిన్న క్లాసు మధ్యలో లేచి వెళ్లిపోయానని నా పేరు కొట్టేస్తారేమోనని రాస్తున్నాను. పొగరుతో కాదండీ.

నిన్న మాస్టారు చొక్కా కాలరు కుట్టే వీడియో వేశారు. అందులో మొహం కనిపించదు, రెండు చేతులే. ఎడమ మణికట్టు మీద ఇస్త్రీపెట్టె వాత చూడగానే గుర్తుపట్టాను. అవి నా చేతులు. మూడేళ్ల కిందట మన ఊరి బట్టల ఫ్యాక్టరీలో, "కొత్తవాళ్లకి చూపిద్దాం, కాస్త నెమ్మదిగా కుట్టమ్మా" అని సూపర్‌వైజరు తీసిన వీడియో. ఆ తర్వాత ఆరు నెలలకే మా కుట్టు లైనులో వాళ్లందరినీ పని మాన్పించేశారు. ఇప్పుడు మళ్లీ మనుషుల్ని తీసుకుంటున్నారనీ, మీ సర్టిఫికెట్ ఉంటేనే లోపలికి రానిస్తారనీ విని ఇక్కడ చేరాను.

మాస్టారికి చెబితే, "సరేలేమ్మా, ముందు ఆ చేతుల్లా కుట్టడం నేర్చుకో" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఎందుకో తెలియదు.

నా పక్కన కూర్చునే పిల్ల మాత్రం నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని వాత చూసింది, తెరవైపు చూసింది. "అలాంటి చేతులుండి నువ్విక్కడెందుకున్నావక్కా?" అంది. అప్పుడే లేచి వచ్చేశాను.

నా పేరు ఉంచండి, రేపు వస్తాను. ఆ పిల్లకి ఏం చెప్పాలో మాత్రం మీరే చెప్పండి.