ఏడాది నిండని గాజులు

ఫిబ్రవరి 2

బంగారు గాజులు కొన్నాను! రెండూ. అచ్చం వదిన పాతవాటిలాగే, అంచున మెలి తిప్పిన తీగతో. షాపతను సైజు అడిగితే పర్సులోంచి దారం తీసిచ్చాను. హోటల్ లాండ్రీలో టైలర్‌ని, నా దగ్గర దారానికి కరువేముంది అనుకుంటారు ఎవరైనా. ఇది అది కాదు. పాత గాజులు అమ్మేముందు చుట్టూ కొలిచి దాచుకున్న దారం.

నేనీ దేశం రావడానికి వీసాకీ టికెట్‌కీ డబ్బు చాలక అన్నయ్య తల పట్టుకు కూర్చుంటే, వదిన చేతికి సబ్బు రాసుకుని గాజులు లాగేసింది. పెళ్ళినాటివి. కణుపులు దాటక చెయ్యంతా కమిలిపోయింది. అమ్మ పోయాక నాకు జడలు వేసిన చెయ్యి.

కొన్న రోజు ఏడుపేమిటి. ఛ.

ఫిబ్రవరి 3

గాజులు చూపించగానే రూములో నాతో ఉండే వంటక్కా నర్సమ్మా ఇద్దరూ లాయర్లైపోయారు. వంటక్క అయితే మరీను. మన దేశంలో దిగేటప్పుడు కస్టమ్స్‌లో బంగారం బిస్కట్లయితే ఒక రూలు, నాణేలయితే ఒక రూలట. నగలైతేనే సుంకం లేకుండా కొంత బరువు వదులుతారట, అదీ ఏడాది దాటి బయట ఉన్నవాళ్ళకే. నర్సమ్మ ఫోన్‌లో వెతికి చూసి, నిజమే అంది. పైగా అవి మన సొంత నగలై ఉండాలి, ఎవరివని అడిగితే నావే అను, నోరు జారావో చచ్చావే అంది.

నాకు ఏడాది ఏప్రిల్ 18కి నిండుతుంది. ఈలోపు వెళ్తే సుంకం కట్టాలి. గాజులకే ఉన్నదంతా ఊడ్చిపెట్టాను, ఎక్కడినుంచి కట్టను? కట్టకపోతే వాళ్ళే ఉంచేసుకుంటారట.

ఏప్రిల్ 20కి టికెట్ తీశాను. హాయిగా ఉంది.

ఫిబ్రవరి 15

వీడియో కాల్. చెప్పకూడదనుకున్నాను. నా నోట్లో నువ్వుగింజ నానదు కదా, చెప్పేశాను. గాజులెందుకే పిచ్చిమొహమా, నాకు లేవా ఏంటి అంటూ వదిన చెయ్యి పైకెత్తి చూపించింది. మణికట్టుకి రెండు రబ్బరు బ్యాండ్లు, ఒకటి ఎరుపు, ఒకటి పసుపు. పాల ప్యాకెట్లకి వచ్చినవట. వీటిని ఏ కస్టమ్స్‌వాడూ పట్టుకోడులే అంది. ఇద్దరం పడీ పడీ నవ్వాం.

చెయ్యి సన్నగా కనిపించింది. అడిగితే కడుపులో మంట, అన్నం సయించడం లేదు, మందులు వాడుతున్నాను అంది.

మార్చి 6

ఈసారి అన్నయ్య ఫోన్ చేశాడు. వదినను హాస్పిటల్లో చేర్చారట. కంగారేం లేదు, కంగారేం లేదు అని అన్ని సార్లు అంటే కంగారు రాదా?

పెట్టేసే ముందు వదినకిచ్చాడు. రాగలవా అని అడిగింది. నన్ను ఏదీ అడగని మనిషి.

మార్చి 7, రాత్రి

సూపర్‌వైజరమ్మ మంచిది. విషయం చెప్పగానే, టికెట్ మార్పించే బాధ్యత నాది, రేపే వెళ్ళు అంది. ఏప్రిల్‌లోనే వెళ్తానన్నాను. ఎందుకని అడిగితే ఏదో చెప్పాను.

రూములో నర్సమ్మ చీవాట్లు పెట్టింది. గాజులు నా పెట్టెలో పెట్టి నువ్వెళ్ళు, తర్వాత చూసుకోవచ్చు అంది. ఏడాది తర్వాత చేతులూపుకుంటూ వెళ్ళి ఆ బోసి చేతుల వంక ఎలా చూడను అన్నాను. మీ వదినకి కావాల్సింది నువ్వా, గాజులా అని అడిగింది.

ఆవిడతో మాట్లాడటం మానేశాను.

మార్చి 19

ఏప్రిల్ 18. ఏప్రిల్ 18. ఏప్రిల్ 18.

మార్చి 28

వదిన మాట బాగా నీరసించింది. ఎప్పుడొస్తావే అంది. రూలు సంగతి మళ్ళీ మొదట్నుంచీ చెప్పాను, చిన్నపిల్లకి చెప్పినట్టు. అంతా విని, రూలంటే రూలే మరి, నిదానంగానే రా, నేనెక్కడికి పోతాను అంది.

ఏప్రిల్ 3, ఉదయం

వదిన పోయింది.

ఏప్రిల్ 3, సాయంత్రం

ఇప్పుడొచ్చి చేసేదేం లేదు, అన్నీ అయిపోయాయి, నీ టికెట్‌కే రా అన్నాడు అన్నయ్య. కోపంగా అని ఉంటే బాగుండేది. కోపం లేదు.

పనికి వెళ్ళాను. కోట్లకి బొత్తాలు తప్పు వైపు కుట్టి, విప్పి, మళ్ళీ తప్పు వైపే కుట్టాను. సూపర్‌వైజరమ్మ వచ్చి సూది లాక్కుంది.

వెళ్ళాల్సింది. గాజులు పోతే పోయేవి. అక్కడే పారేసి వెళ్ళాల్సింది. మంచం పక్కన కూర్చుని జడ వేయాల్సింది, నాకు వేసినట్టు. రాగలవా అని అడిగితే నేను కస్టమ్స్ రూలు చెప్పాను. నన్నేం చేసినా పాపం లేదు.

నేను అన్నదే నిజమైంది చూశావా అని నర్సమ్మ అని ఉంటే కొట్లాడేదాన్ని. పక్కన కూర్చుని నా వీపు నిమురుతూ ఉండిపోయింది.

ఏప్రిల్ 18

ఏడాది నిండింది. వంటక్క ఆ మాట అనబోయి నాలుక కరుచుకుంది.

ఏప్రిల్ 21

దిగాను. అందరూ సుంకం కట్టేదేమీ లేనివాళ్ళ పచ్చ బోర్డు దారిలోంచి వెళ్ళిపోతున్నారు. నేనూ వెళ్ళిపోవచ్చు. ఏ తప్పూ లేదు, సుంకం లేదు, అంతా రూలు ప్రకారమే ఉంది. నాకు అలా వెళ్ళబుద్ధి కాలేదు. సరుకు చూపించాల్సినవాళ్ళ ఎర్ర బోర్డు వైపు వెళ్ళి గాజులు కౌంటర్ మీద పెట్టాను. ఎవరైనా ఆపాలి. ఎవరైనా నన్ను నిలబెట్టి అడగాలి.

ఆఫీసరు పెద్దాయన. పాస్‌పోర్ట్ చూశాడు, రసీదు చూశాడు, గాజులు తూచాడు. ఎవరివమ్మా అని అడిగాడు.

నావే అనాలి. ఎన్నిసార్లు నేర్పించారు! మా వదినవి అన్నాను.

ఆయన తలెత్తి, మరి మీ వదిన ఎక్కడుంది అన్నాడు. పోయింది అన్నాను. ఏడాది నిండేదాకా ఆగాను సార్, ఈలోపే పోయింది అన్నాను. ఇంక ఆపుకోలేకపోయాను. వెనక లైన్‌లో వాళ్ళందరూ చూస్తున్నారు, చూడనీ.

ఆయన గాజులు మెల్లగా నా వైపు జరిపి, అయితే ఇంక మీవేనమ్మా, తీసుకెళ్ళండి అన్నాడు.

కట్టేదేమీ లేదట.

ఏప్రిల్ 22

గాజులు అన్నయ్య చేతిలో పెట్టాను. సైజు అచ్చం పాతవాటిదే, కానీ చివర్లో ఇవి తన మోచేతి దాకా జారిపోయేవే అన్నాడు. బీరువాలో పెట్టి తాళం వేశాడు.

తర్వాత చొక్కా జేబులోంచి ఏదో తీసి నా అరచేతిలో పెట్టాడు. హాస్పిటల్లో నర్సు వదిన చేతినుంచి తీసిచ్చిందట. అప్పట్నుంచీ ఆ జేబులోనే ఉన్నాయట.

మే 12

తిరుగు ప్రయాణం. సెక్యూరిటీ దగ్గర ఒంటిమీద ఉన్నవన్నీ ట్రేలో వెయ్యమన్నారు. గడియారం వేశాను, బెల్టు వేశాను. చేతికున్న రబ్బరు బ్యాండ్లు కూడా అన్నారు.

తియ్యనన్నాను.