రిమోట్ ఇప్పించండి

స్టోర్స్ ఆఫీసరు గారికి,

ఇంట్లో అయితే బావగారూ అని పిలుస్తాను. ఇది ఆఫీసు కాగితం, పైగా మూడోది.

నిరుడు ఒక రిమోట్ పోయిందని ఆసుపత్రిలోని ఏసీ రిమోట్లన్నీ కట్టగట్టి మీ బీరువాలో పెట్టి తాళం వేశారు. అప్పటి నుంచి ఆపరేషన్ గది పద్దెనిమిది డిగ్రీల దగ్గరే ఆగిపోయింది. స్విచ్ కట్టేద్దామంటే కిటికీల్లేని ఆ గదిలో గాలి ఆడదు.

రేపు ఉదయం ఎనిమిదింటికి మూడు రోజుల పాపకు పేగు ఆపరేషన్. బరువు రెండు కిలోలు. మత్తు ఇచ్చేది నేను. మందు కొలిచి ఇవ్వగలను, ఊపిరి కనిపెట్టుకుని ఉండగలను. కానీ ఆ చలికి ఒళ్లు చల్లబడితే గుండె నెమ్మదిస్తుంది, మత్తు ఒక పట్టాన వదలదు. పెద్దవాళ్లయితే వణుకుతారు. ఆ పసిదానికి వణకడం కూడా చేతకాదు.

ఇదంతా చెబితే మీ గుమాస్తా, "బయటికిస్తే మళ్లీ పోతుంది మేడమ్, సార్ ఊరుకోరు. దుప్పటి కప్పండి" అన్నాడు. కప్పితే పొట్ట ఎక్కడ కోయాలో కూడా ఆయన్నే అడిగి చెప్పండి.

మీ గదిలో ఏసీ చెడిపోయి ఉక్కపోస్తోందని అక్క చెప్పింది. ఏడున్నరకల్లా రిమోట్ నా చేతికి రాకపోతే పాపను ఎత్తుకుని మీ గదికే వస్తాను. బల్ల మీద ఫైళ్లు తీసి ఉంచండి.

మత్తు డాక్టరు