డైరీలో పద్నాలుగో నంబరు

పద్నాలుగో నంబరు రోగి గారి పెద్దక్కగారికి, కొత్త మందుల పరీక్షా విభాగం నమస్కారాలు.

ఇంజెక్షన్లు పనిచేయడం మానేశాక, మీ తమ్ముడుగారి ముదిరిన ప్రొస్టేట్ క్యాన్సర్‌కి మేము పరీక్షిస్తున్న కొత్త మాత్రలు ఇస్తున్నాం. మింగాక ఏ ఇబ్బంది కలిగినా డైరీలో రాయాలి. ఆయన మూడు వారాలూ "బ్రహ్మాండం" అనే రాశారు. ఈ మందు మింగి బ్రహ్మాండంగా ఉన్నవారు ఇంతవరకు లేరు. పారేస్తున్నారని అనుమానం. వారంలో సంజాయిషీ రాకపోతే ఈ పరీక్ష నుంచి ఆయన పేరు తీసేస్తాం.

ఇట్లు,
నమోదు అధికారి

తా.క.: డైరీ మీద కాఫీ మరకలున్నాయి. అవి ఇబ్బందుల కిందికి రావు.

*

అయ్యా,

దేవుడి దయవల్ల అందరం క్షేమం, మావాడు తప్ప.

మాత్రలు నా కళ్లెదుటే మింగుతున్నాడు. తర్వాత కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున వాంతి చేసుకుంటున్నాడు. ఎవరడిగినా బ్రహ్మాండమే. కాలు విరిగినప్పుడూ అదే అన్నాడు, మెట్ల కింద పడి ఉండి.

మాకింక ఇదొక్కటే దారి. పేరు తీయకండి. ఇవాళ్టి నుంచి డైరీ నేను రాస్తాను, ఉన్నది ఉన్నట్టు.

ఇట్లు,
పెద్దక్క

తా.క.: నేను అబద్ధమాడను. అందుకే మా ఇంట్లో నన్నెవరూ ఏమీ అడగరు.

*

పెద్దక్కగారికి,

డైరీ అందింది. వాంతులు పదకొండు. మోతాదు తగ్గిస్తున్నాం, కృతజ్ఞతలు.

అయితే "భార్య మీద అరిచాడు" తొమ్మిదిసార్లు, "రిమోట్ విసిరాడు" రెండుసార్లు, "డాక్టరుకేమీ రాదన్నాడు" రోజూ ఉన్నాయి. కోపాన్ని మందు దుష్ప్రభావంగా నమోదు చేశాం. తీవ్రత మూడో తరగతి. ఇలాగైతే మందు ఆపాల్సి వస్తుంది.

ఇట్లు,
నమోదు అధికారి

తా.క.: ఏమీ రాదన్నది ఏ డాక్టరునో రాయలేదు. ఇక్కడ నలుగురు డాక్టర్లు అడుగుతున్నారు.

*

అయ్యా,

తొందరపడకండి. వాడి కోపం మీ మందుకన్నా యాభై అయిదేళ్లు పెద్దది. ఉయ్యాల్లోనే మొదలైంది, సాక్షిని నేనే. మరదలు, ఇద్దరు చెల్లెళ్లు, పక్కింటాయన ఇచ్చిన వాంగ్మూలాలు జతచేశాను. పక్కింటాయన మరో కాగితం అడిగి తీసుకున్నారు.

చేయని తప్పుకి మందుని శిక్షించకండి. వాడికి అది కావాలి.

ఇట్లు,
పెద్దక్క

తా.క.: నలుగురినీ.

*

పెద్దక్కగారికి,

కోపం పాతదేనని కమిటీ తేల్చింది. రక్తపరీక్షలో జబ్బు జోరు చెప్పే అంకె ఎనభై నాలుగు నుంచి నలభై ఒకటికి దిగింది. సంతోషం.

కానీ కొత్త చిక్కొచ్చింది. గత రెండు వారాల డైరీలో కోపం ఒక్కసారీ లేదు. పుట్టుకతో వచ్చిన లక్షణం ఉన్నట్టుండి మాయమైతే నిబంధనల ప్రకారం అదీ దుష్ప్రభావమే. కారణం తెలియకపోతే మందు ఆపక తప్పదు.

ఇట్లు,
నమోదు అధికారి

తా.క.: కావాలంటే కోపం తిరిగి రావడానికి విరుగుడు ఇస్తాం.

*

అయ్యా,

కారణం మందు కాదు.

ఆదివారం పొద్దున నేను ప్రార్థనలో ఉండగా వాడు డైరీ తీసి మొత్తం చదివాడు. అరుస్తాడనుకున్నాను. పక్కన వచ్చి కూర్చుని, "అక్కా, నాకు భయంగా ఉందే" అన్నాడు. "నాకూ ఉందిరా" అన్నాను. ఆనాటి నుంచి అరవడం లేదు. కుళాయీ తిప్పడం లేదు, నన్నే పిలుస్తున్నాడు.

మీ డైరీలో భయానికి గడి లేదు, అందుకే రాయలేదు. ఇప్పుడు కొత్తగా గీయకండి. అదొక్కటీ మేం చూసుకుంటాం. మందు మీరు చూడండి.

ఇట్లు,
పెద్దక్క

తా.క.: విరుగుడు వద్దని మరదలు విడిగా అర్జీ రాస్తోంది. ఇప్పటికి నాలుగో పేజీకి వచ్చింది.